స్తంభం మీద పక్షులకు గింజలు పెట్టే ఫీడర్ దగ్గర ఉడుతలు: గింజలకు కారం కలపాలా, స్తంభానికి రేకు గొట్టం కట్టాలా?

గింజలమూట: కారం కలిపితే చాలు. క్షీరదాలకు మంట పుట్టించే క్యాప్సైసిన్ పక్షుల నోటికి తెలియదు. పొద్దుతిరుగుడు గింజలకు కాస్త నూనె పట్టించి కలిపితే పొడి రాలదు. రేకులూ స్తంభాలూ ఎందుకండీ?

రేకుపని: ఒక్క వాన పడితే ఆ కారం కొట్టుకుపోతుంది. నూనె పట్టిన గింజలు ఎండకు ముక్కిపోతాయి. పైగా ఆకలి మీదున్న ఉడుత మంటను ఓర్చుకుని మరీ తింటుంది. అసలు ఎక్కనివ్వకపోవడమే మందు. 6–8 అంగుళాల వెడల్పు, 2 అడుగుల పొడవున్న రేకు గొట్టం తీసుకోండి. పైన మూత వేసి, మధ్యలో స్తంభం పట్టేంత రంధ్రమే ఉంచండి. స్తంభానికి క్లాంపు బిగించి, గొట్టాన్ని దాని మీద వదులుగా వేలాడదీయండి. పాకి వచ్చిన ఉడుత గొట్టం లోపలికి దూరి, మూత తగలగానే వెనక్కి దిగుతుంది. మూత దగ్గర సందు మిగిలిందా, ఎలుక కూడా పైకి వచ్చేస్తుంది. గొట్టం కింది అంచు నేలకు 4 అడుగుల పైనే ఉండాలి.

కొమ్మచివర: అంత శ్రమ దేనికి, స్తంభానికి గ్రీజు పూస్తే జారిపోవా?

రేకుపని: దయచేసి ఆ పని చేయకండి. గ్రీజు ఈకలకు అంటితే పిట్ట ముక్కుతో ఎంత దువ్వుకున్నా వదలదు. ఈకలు ముద్దకట్టి చలికీ తడికీ ఆగవు.

గింజలమూట: సరే, గొట్టం కట్టాం. పక్కనే చెట్టుంటే?

రేకుపని: చెట్టు, గోడ, చూరు ఏదైనా 10 అడుగుల దూరంలో ఉండాలి. అంతకంటే దగ్గరైతే స్తంభం ఎక్కే పనే లేదు, నేరుగా దూకుతుంది.

గింజలమూట: అంత ఖాళీ ఎందరికి ఉంటుంది? అందుకే కారం అంటున్నాను.

పిట్టగోడ: చోటు లేనివాళ్లకు కొందరు ఫీడర్ చుట్టూ తీగ జాలీ పంజరం చెబుతారు. పెద్ద ఉడుతలకు అది సరే. చారల ఉడుత మాత్రం పిచ్చుక దూరే కన్నంలోంచి తానూ దూరుతుంది. బరువు పడితే మూసుకునే ఫీడరూ అంతే. చారల ఉడుతకు మూసుకునేలా స్ప్రింగు సరిచేస్తే, అంతకంటే బరువైన పావురానికీ మూసుకుంటుంది. అలాంటి చోట కారం వాడొచ్చు, నూనె లేకుండా, ఏ పూటకు ఆ పూట కలిపి.

ఇక ఎలుకల మాట. అవి వచ్చేది నేల మీద రాలిన గింజలకు. స్తంభానికి ఏం కట్టినా వాటిని ఆ గింజల దగ్గరకు రాకుండా ఆపలేరు. పొట్టు తీసిన గింజలు వాడండి, ఫీడర్ కింద పళ్ళెం బిగించండి, చీకటి పడకముందే నేల ఊడ్చేయండి. గింజల నిల్వ ప్లాస్టిక్ డబ్బాలో వద్దు, కొరికేస్తాయి. మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో పోయండి.