మినీ ట్రాక్టర్ ఎక్కించే ర్యాంపులు వంగుతున్నాయి, ఎలా గట్టి చేయించాలి?

బత్తాయి_తోట (నల్గొండ):
అన్నలకు నమస్తే. నాది 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్, రోటవేటర్‌తో కలిపి టన్ను దాకా ఉంటుంది. తోట మారేటప్పుడు పెద్ద ట్రాక్టర్ ట్రాలీ మీద తీసుకెళ్తాను. ట్రాలీ ఎత్తు రెండున్నర అడుగులు, ర్యాంపులు ఎనిమిది అడుగులు. ఒక్కో ర్యాంపుకు 40×5 ఎంఎం యాంగ్లర్లు (L ఆకారపు ఇనుము) రెండు, పైన చెకర్ ప్లేట్ (జారకుండా గీతలున్న ఇనుప రేకు). వెనక టైర్లు సగానికి రాగానే కుంగుతున్నాయి. బండి దిగాక కూడా వంపు పోవట్లేదు. ఎక్కించిన ప్రతిసారీ టెన్షనే. పైన ఇంకో ప్లేట్ కొట్టిస్తే ఆగుతుందా?

వెల్డింగ్_షాపు:
ఆగదు తమ్ముడూ. ప్లేట్ వేస్తే బరువు పెరుగుతుంది తప్ప వంపు పెద్దగా తగ్గదు. ఇనుము ఎంత నిలువుగా ఉంటే అంత గట్టి. 75×40 ఎంఎం ఛానెల్ (C ఆకారపు ఇనుము) రెండేసి వేయించు. మీటరుకు ఏడు కిలోలు పడుతుంది కాబట్టి ఒక్కో ర్యాంపు ఎత్తడానికి ఇద్దరు కావాలి. బరువు తీశాక కూడా వంపు నిలిచిందంటే ఆ యాంగ్లర్ల పని అయిపోయింది. సుత్తితో సాపు చేయించి మళ్లీ వాడొద్దు.

అరటి_రైతు (కడప):
యాంగ్లర్ ఇంకా వంగని వాళ్లకు చవక దారి ఒకటుంది. మేం కింద 16 ఎంఎం రాడ్డు వేయించాం. రెండు చివర్లా యాంగ్లర్‌కు అతికించి, నడుమ ఆరంగుళాల పొట్టి కమ్మీతో కిందికి దింపారు. బరువు పడగానే రాడ్డు బిగుసుకుని ర్యాంపును మోస్తుంది. ఒక్కో రాడ్డుకు నాలుగు కిలోలే పెరిగింది. చివర్ల వెల్డింగ్ మాత్రం దగ్గరుండి చూసుకోవాలి, లాగుడంతా అక్కడే.

మిర్చి_చేను (ఖమ్మం):
సరిగ్గా నడుమ మడత కాలు పెట్టించినా చాలు, వంచే బలం సగానికి పైగా పడిపోతుంది. తడి నేలలో కాలు దిగబడుతుంది, కింద చెక్క వేయాలి.

బత్తాయి_తోట:
పది అడుగులకు పెంచితే వాలు తగ్గుతుంది కదా అన్నా?

వెల్డింగ్_షాపు:
తగ్గుతుంది. ఇప్పుడు 18 డిగ్రీలుంది, 14, 15కి వస్తుంది. కానీ అదే బరువుకు వంచే బలం పావు వంతు పెరుగుతుంది. పది అడుగులైతే ఛానెల్‌తో పాటు మడత కాలు కూడా పెట్టించు.

టెక్సాస్_తెలుగు:
ఇక్కడ చాలామంది వాడేవి అల్యూమినియం ర్యాంపులు. వాటికి అతుకులు వేయించొద్దు. వేడి తగిలిన చోట మెత్తబడతాయి, పైకి ఏమీ కనిపించదు.

అరటి_రైతు (కడప):
ర్యాంపు ఒక్కటే గట్టిగా ఉంటే చాలదు. బండి ఎక్కేటప్పుడు ట్రాలీ వెనక భాగం కిందికి నొక్కుకుని, ముందు కొక్కెం పైకి లేస్తుంది. రెండు వెనక మూలల కింద దిమ్మలు పెట్టి తీరాలి. మినీని రివర్స్‌లోనే ఎక్కించండి. ముందుకు ఎక్కిస్తే వెనక రోటవేటర్ బరువుకు ముందు చక్రాలు లేస్తాయి.

బత్తాయి_తోట:
75 ఛానెల్, ఎనిమిది అడుగులే ఖాయం చేసుకున్నా. దిమ్మలు కూడా కోయిస్తాను. ర్యాంపు పైకొస జారకుండా ఏం చేస్తున్నారు?

మిర్చి_చేను (ఖమ్మం):
ట్రాలీ అంచుకు కన్నం వేయించి పిన్ను దింపుతాం. దానికి తోడు ప్రతి ర్యాంపుకూ విడిగా గొలుసు. పెద్ద ట్రాక్టర్ హ్యాండ్‌బ్రేక్ వేసి, ట్రాలీ టైర్ల కింద రాళ్లు పెట్టాకే మినీని కదిలిస్తాం.