ప్రోటీన్ మీద టెరాహెర్ట్జ్: నీళ్లతో ఇబ్బంది ఎలా దాటాలి?

భీమవరం, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ:
మాది రొయ్యల చెరువుల ఊరు. రొయ్య కండలోని ప్రోటీన్ల మీద ప్రాజెక్టు చేయాలని నా కోరిక. టెరాహెర్ట్జ్ స్పెక్ట్రోస్కోపీతో (మైక్రోవేవ్‌కీ ఇన్‌ఫ్రారెడ్‌కీ మధ్య ఉండే తరంగాలు పంపి, పదార్థం ఏవి ఎంత పీల్చుకుంటుందో చూసే పద్ధతి) ప్రోటీన్ మొత్తం ఎలా కదులుతుందో తెలుస్తుందని చదివాను. కానీ నీళ్లు ఆ తరంగాల్ని మింగేస్తాయట. ప్రోటీన్ పనిచేసేదే నీళ్లలో కదా, మరెలా సార్?

అమలాపురం, ఫిజిక్స్ లెక్చరర్:
మంచి ప్రశ్న అమ్మా. ఇన్‌ఫ్రారెడ్‌లో విడివిడి బంధాల కంపనాలు కనిపిస్తాయి. 0.1 నుంచి 10 టెరాహెర్ట్జ్ మధ్యలోనేమో చాలా పరమాణువులు కలిసి ఊగే నెమ్మది కదలికలు ఉంటాయి. 1 టెరాహెర్ట్జ్ ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి సుమారు 4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులే, చాలా తక్కువ, బంధాలు తెగుతాయన్న భయం లేదు. నీటి సంగతి నిజమే. అందుకే ద్రావణాన్ని 0.1 మిల్లీమీటరు మందాన పలచటి పొరగా పెడతారు, లేదా ఎండబెట్టిన పొడిని పాలిథిలీన్ పొడితో కలిపి బిళ్లగా నొక్కుతారు. ప్రోటీన్ స్పెక్ట్రంలో (ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత పీల్చుకుందో చూపే గ్రాఫ్) పదునైన శిఖరాలు ఆశించకు, కంపనాలన్నీ ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. లాక్టోజ్ (పాలలోని చక్కెర) స్ఫటికాలకైతే 0.53 టెరాహెర్ట్జ్ దగ్గర చక్కటి శిఖరం వస్తుంది. ముందు దాంతో పరికరం సరిచూసుకో.

రాజోలు, పరిశోధక విద్యార్థి:
చెల్లీ, గాలిలో తేమ మర్చిపోకు. మన కోనసీమ ఉక్కలో నీటి ఆవిరి గీతలు స్పెక్ట్రం నిండా వస్తాయి, పరికరాన్ని పెట్టే మూసిన పెట్టెలో తేమ లేని నైట్రోజన్ నింపాల్సిందే. ఇంకోటి, నీళ్లని అడ్డుగా చూడకు. ప్రోటీన్ తన చుట్టూ 10 ఆంగ్‌స్ట్రాంలకు (ఒక నానోమీటరు) మించిన దూరం వరకు నీటి కదలికను మారుస్తుందని జర్మనీలోని బోఖుంలో మార్టినా హావెనిత్ బృందం 2007లో చూపింది, అదీ టెరాహెర్ట్జ్‌తోనే! నాకైతే అసలు విషయం అక్కడే ఉందనిపిస్తుంది.

భీమవరం, ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ:
థాంక్స్ అన్నా, థాంక్యూ సార్. అయితే ప్రోటీన్ చుట్టూ ఉండే ఆ నీటి పొర మీదే ప్రాజెక్టు రాస్తాను. ప్రోటీన్‌ని పొడి చేయడానికి కాకినాడ వైపు ఫ్రీజ్ డ్రయ్యర్ (గడ్డకట్టించి ఎండబెట్టే యంత్రం) ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.