కొత్త స్టీరియో పెడితే కంపెనీ ఆంప్ లేవడం లేదు, ఏం చేయాలి?
అన్నా, కార్ ఆడియో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మాది కడప. సెకండ్ హ్యాండ్ కారు, సీటు కింద స్పీకర్లకు సౌండ్ పెంచి ఇచ్చే కంపెనీ ఆంప్లిఫైయర్ (ఆంప్) ఉంది. ఆండ్రాయిడ్ స్టీరియో బిగించాక స్క్రీన్ బాగానే వస్తోంది, స్పీకర్లలో మాత్రం చప్పుడే లేదు. పాతది మళ్లీ పెడితే పాటలు వస్తున్నాయి కాబట్టి ఆంప్ పోలేదు.

స్టీరియో నుంచి ఆంప్‌ను ఆన్ చేయడానికి వచ్చే నీలం-తెలుపు రిమోట్ వైరులో మల్టీమీటర్ 12 వోల్టులు చూపిస్తోంది. దాన్ని ఆంప్‌కు కలిపినా ఉలుకూ పలుకూ లేదు. కొన్ని కార్లలో ఆంప్‌ను ఆన్ చేసే సిగ్నల్ క్యాన్ బస్‌లో (కారులోని ఎలక్ట్రానిక్ భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డేటా లైన్) వస్తుందట. నాదీ అదేనా అని ఎలా తేల్చుకోవాలి? అదే అయితే ఆ సిగ్నళ్లను స్టీరియోకూ కారుకూ మధ్య అందించే డీకోడర్ బాక్స్ సరిపోతుందా?

ఏడురోడ్ల దగ్గర మెకానిక్ ఆంప్ పక్కన పెట్టి స్పీకర్లకు నేరుగా వైర్లు లాగుతానంటున్నాడు. స్పీకర్ల మీద 2 ఓమ్స్ అని ఉంది, స్టీరియో మాన్యువల్‌లో కనీసం 4 అని ఉంది. ఓమ్స్ (స్పీకర్ నిరోధం) తక్కువైతే స్టీరియో మీద లోడ్ ఎక్కువై పాడవుతుందేమోనని నాకైతే భయంగానే ఉంది. అలా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?