మైలు పరుగుకు వారానికి ఎన్ని కిలోమీటర్లు?

ప్రశ్న – పర్లాకిమిడి, డిగ్రీ విద్యార్థి:
అందరికీ నమస్కారం. నాకు ఇరవై ఏళ్లు. మైలుకు కాస్త తక్కువైన 1500 మీటర్లు 4 నిమిషాల 26 సెకన్లలో పరుగెత్తుతున్నాను. యూనివర్సిటీ పోటీలకు ఇంకా ఐదు నెలలుంది. ప్రస్తుతం నాలుగు రోజుల్లో కలిపి వారానికి 40 కిలోమీటర్లు. మా మైదానానికి వచ్చే పెద్దాయన ఒకరు వంద లేనిదే అది పరుగే కాదంటారు. సైన్యం ర్యాలీకి సిద్ధమవుతున్న నా స్నేహితులేమో రోజూ 1600 మీటర్లు టైము పెట్టుకుని పరుగెత్తితే చాలంటారు. ఎవరి మాట వినాలి?

గుణుపురం, పీఈటీ మాస్టారు:
బాబూ, ఇద్దరి మాటా వినకు. ఆ వంద న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ లెక్క, అదీ మైళ్లలో. అంటే 160 కిలోమీటర్లు! ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ 1962లో గడ్డి ట్రాక్ మీద మైలును 3:54.4లో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. కానీ ఆ మైళ్లు పునాది వేసుకునే నెలలకే. పోటీలు దగ్గరపడ్డాక శిక్షణ తీరే మారిపోయేది.

ఇక నీ స్నేహితుల పద్ధతి. 1600కీ మైలుకీ తేడా తొమ్మిది మీటర్లే, నిజమే. అయితే రోజూ టైము పెట్టుకుని పరుగెత్తడమంటే పాఠం చదవకుండా రోజూ పరీక్ష రాయడమే. మైలు పరుగులో ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఊపిరితో అందే ఆక్సిజన్ మీదే ఆధారపడుతుంది. ఆ సత్తా పెంచేవి నెమ్మదిగా పరుగెత్తే కిలోమీటర్లే.

నీ స్థాయికి 60 నుంచి 70 చాలు. ముందు రోజులు పెంచు, తర్వాతే దూరం. నాలుగు రోజుల పరుగును ఆరు రోజులకు సర్దుకో. ఆపైన ఐదు కిలోమీటర్లు కలిపి, రెండు మూడు వారాలు అక్కడే నిలకడగా ఉండు. ప్రతి నాలుగో వారం ముప్పావు వంతుకు తగ్గించు. ఆదివారం పొడవైన పరుగు 14 దాటనక్కరలేదు. మామూలు రోజుల్లో కిలోమీటరుకు ఐదు నిమిషాలు, పక్కవాడితో మాట్లాడగలిగేంత తేలికగా. గట్టి రోజులు రెండే. ఒకరోజు కిలోమీటరు చొప్పున ఐదుసార్లు, ఒక్కొక్కటి 3:40 ప్రాంతంలో, మధ్యలో నిమిషం విరామం. ఇంకోరోజు 400 మీటర్లు ఎనిమిదిసార్లు, 71 సెకన్లలో. 66లో కొట్టగలిగినా కొట్టకు. మన కుర్రాళ్లు చెడిపోయేది అక్కడే.

బరంపురం, బ్యాంకు ఉద్యోగి:
మాస్టారూ, ఒక సందేహం. మైలు పరుగులో నాలుగు నిమిషాల గోడను మొదట దాటిన రోజర్ బానిస్టర్ వైద్య విద్యార్థి కదా! మధ్యాహ్న భోజన విరామంలో క్వార్టర్ మైలు పదిసార్లు పరుగెత్తి, 1954 మే 6న 3:59.4 సాధించారు. మరి ఇన్ని కిలోమీటర్లు దేనికండీ?

గుణుపురం, పీఈటీ మాస్టారు:
మంచి ప్రశ్న. ఆయన ఆ రోజుకు కొత్తవారు కాదండీ. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 1500 మీటర్లలో నాలుగో స్థానం పొందినవారు. ఉద్యోగాల మధ్య గంటకు మించి తీరిక దొరకని మనలాంటివారికి ఆ పద్ధతి పనికొస్తుంది. ఈ అబ్బాయికి పొద్దునా సాయంత్రమూ ఖాళీయే.

ప్రశ్నించిన విద్యార్థి:
సరే మాస్టారూ, 65 వరకు వెళతాను. కానీ పాతపట్నం వైపు తారు రోడ్డు మీద పరుగెత్తిన మర్నాడు మోకాలి కింద, ఎముక లోపలి అంచున నొప్పి వస్తోంది.

రాయగడ, మాజీ క్రీడాకారిణి:
తమ్ముడూ, ఆ అంచు వెంబడి వేలితో నొక్కుతూ రా. జానెడు మేర అంతటా సలిపితే, పైగా ఒళ్లు వేడెక్కాక తగ్గిపోతే, దూరం తగ్గించి మట్టి దారికి మారు, సర్దుకుంటుంది. అలా కాకుండా రూపాయి బిళ్లంత చోట మాత్రమే చురుక్కుమంటే, నడిచినా రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే, ఆ రోజే పరుగు ఆపి డాక్టరుకు చూపించు. ఎముకకు సన్నని పగులు వచ్చి ఉండవచ్చు. పొలం గట్లు మెత్తగా ఉంటాయని వాటి మీద వేగంగా వెళ్లకు, చీలమండ మడతపడుతుంది. ఇది చదివే అమ్మాయిలకు ఇంకో మాట: దూరం పెంచేముందు రక్తంలో ఇనుము ఎంతుందో పరీక్ష చేయించుకోండి. అలసటను బద్ధకమనుకుని తిట్లు తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ప్రశ్నించిన విద్యార్థి:
జానెడు మేర ఉందక్కా. ఈ వారం 30కి దిగుతాను. మాస్టారూ, పోటీకి ముందు ఎప్పటి నుంచి తగ్గించాలి?

గుణుపురం, పీఈటీ మాస్టారు:
పది రోజుల ముందు నుంచి. కిలోమీటర్లు సగానికి తీసుకురా. 71 సెకన్ల పరుగులు మాత్రం మానకు, ఎనిమిదికి బదులు నాలుగు చెయ్యి. ఎండాకాలం వచ్చేసరికి పొద్దున ఐదు గంటలకల్లా మైదానంలో ఉండేలా చూసుకో.