అమ్మని బాధపెట్టకుండా నా బతుకు నేను బతకడం కుదురుతుందా?

కిటికీపక్కన:
నాకు 24 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. జీతం పడిన మెసేజ్ నాకంటే ముందు అమ్మ చూస్తుంది, నా ఖాతాకి ఉన్న నంబరు ఆమెదే. ఏం వేసుకోవాలి, ఎవరితో మాట్లాడాలి, జుట్టు ఎంత కత్తిరించుకోవాలి, అన్నీ ఆమే చెబుతుంది. కొట్టదు, పెద్దగా తిట్టదు కూడా. నేను కాదంటే మాత్రం మాట్లాడటం మానేస్తుంది. పోయిన నెల ఆఫీసు పని మీద రెండు రోజులు వేరే ఊరు వెళ్లాలని చెప్తే నాలుగు రోజులు నా ముఖం చూడలేదు. చివరికి వెళ్లలేనని మేనేజర్‌కి చెప్పేశాను. అరగంటలో అమ్మ మామూలైపోయింది, దగ్గరికి తీసుకుంది. అప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, ఆ హాయిని చూసే నాకు భయమేసింది.

అమ్మంటే నాకు ప్రాణం, ఒక్కతే నన్ను పెంచింది. ఏం చేయాలో చెప్పండి.

తెల్లకాగితం:
చెల్లీ, చివర నువ్వు రాసిన ఆ భయం చాలా సరైన భయం. నాకు అది 30 దాటాక కానీ రాలేదు.

పిల్లలకి హద్దులు పెట్టడం వేరు, నా మాట వినకపోతే ప్రేమ చూపించను అనడం వేరు. 1996లో బ్రయన్ బార్బర్ అనే పరిశోధకుడు ఈ రెండింటినీ విడదీసి చెప్పాడు, రెండోదాన్ని సైకలాజికల్ కంట్రోల్ అంటారు. మాట్లాడకుండా ఉండటం, నీ కోసం ఇంత చేశానని గుర్తుచేయడం, ఇవన్నీ అందులోవే. మీ అమ్మ చెడ్డదని కాదు నేను అనేది, ఆమెకి తెలిసిన దారి అదొక్కటే అయ్యుండొచ్చు. కానీ నీ తప్పేమీ లేకపోయినా తప్పు చేసినట్టు ఎందుకు అనిపిస్తోందో దీన్నిబట్టి అర్థమవుతుంది. చిన్నప్పటి నుంచి అమ్మ మౌనంగా ఉంటే నువ్వు తప్పు చేశావనే అర్థం చేసుకున్నావు, ఇప్పుడు నీ మనసు అదే లెక్క వేస్తోంది.

ఒక విషయం ముందే తెలుసుకో. ఇన్నాళ్లూ పనిచేసిన పద్ధతి పనిచేయకపోతే ఒక్కోసారి మనుషులు ముందు దాన్నే ఇంకా గట్టిగా వాడతారు. మానసిక శాస్త్రంలో దీన్ని ఎక్స్‌టింక్షన్ బర్స్ట్ అంటారు. కాబట్టి నువ్వు నిలబడితే నాలుగు రోజుల మౌనం పది రోజులు కావచ్చు, ఏడుపులుండొచ్చు, బంధువుల ఫోన్లుండొచ్చు. పదో రోజున లొంగిపోయావనుకో, పది రోజులు పట్టుబడితే పని జరుగుతుందని ఆమెకి నువ్వే నేర్పినట్టవుతుంది. అందుకే చివరిదాకా నిలబడగలిగిన చిన్న విషయంతోనే మొదలుపెట్టు. నేను జుట్టుతో మొదలుపెట్టాను! "కత్తిరించుకోనా అమ్మా" అని అడగలేదు, కత్తిరించుకుని ఇంటికొచ్చాను. వారం నరకం, తర్వాత ఏమీ లేదు.

కారణాలు వివరంగా చెప్పకు. ఒక్కో కారణానికి ఒక్కో వాదన వస్తుంది.

ఉదయంబండి:
మిగతావి నిదానంగా చేసుకోండి కానీ బ్యాంకు సంగతి ఈ వారమే చూడండి. మీ పేరు మీద సిమ్ తీసుకుని, గుర్తింపు పత్రాలతో వెళ్లి ఖాతాకి ఆ నంబరు పెట్టించండి. ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తే డబ్బు వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఈమెయిల్ రికవరీ నంబరు కూడా మార్చండి, చాలామంది దాన్ని మర్చిపోతారు. ఇంటికి ఇవ్వాల్సింది మీరే నెలనెలా పంపండి, మానొద్దు. వీలైతే ఇల్లు వదిలి వెళ్లిపోండి, అదే మందు.

తెల్లకాగితం:
వెళ్లిపోవడం ఒక్కటే మందు కాదండి. ఫ్యామిలీ థెరపీకి పునాది వేసినవాళ్లలో ఒకరైన ముర్రే బోవెన్ అనే సైకియాట్రిస్టు, తెగతెంపులు చేసుకుని దూరంగా పోయినంత మాత్రాన ఆ ముడి విడిపోదనే చెప్పాడు. నేను వేరే ఇంట్లో ఉంటూ కూడా రెండేళ్లు అమ్మకి నచ్చే కర్టెన్లే కొన్నాను.

పాతగడియారం:
నేను అలాంటి తల్లిని తల్లీ. నా కూతురితో మాట్లాడకుండా కూర్చున్న రోజుల్లో నాకు కోపం కంటే భయమే ఎక్కువ ఉండేది, ఇది వెళ్లిపోతే నేనెవరికి కావాలి అని. ఆ భయాన్ని దాని నెత్తిన పెట్టాను, అది నా తప్పు. తను ఉద్యోగానికి దూరం వెళ్లింది, కానీ ప్రతి ఆదివారం పదింటికి ఫోన్ చేసేది. నేను ముక్తసరిగా మాట్లాడినా, అసలు ఎత్తకపోయినా మళ్లీ ఆదివారం చేసేది. వాదించలేదు, బతిమాలలేదు. ఏడు నెలలు పట్టింది నాకు "ఎలా ఉన్నావు" అని ముందు నేను అడగడానికి. మీ అమ్మ బాధపడుతుంది, పడనీ. ఆ బాధ లేకుండా చేయడం నీ వల్ల కాదు, అది నీ పనీ కాదు. నా బాధ నేనే పడాల్సొచ్చింది.

కిటికీపక్కన:
పాతగడియారం గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏడ్చాను. నంబరు మార్చేశాను, అమ్మకి ఆ సాయంత్రమే చెప్పాను, చేతులు వణికాయి కానీ చెప్పాను. వచ్చే నెల ఆఫీసు ప్రయాణం మళ్లీ ఉంది, వస్తానని మాటిచ్చాను. ఈ రోజుకి మూడు రోజులైంది అమ్మ మాట్లాడక. పొద్దున గుమ్మంలో ఆగి "వెళ్లొస్తానమ్మా" అన్నాను, పలకలేదు. రేపు కూడా చెప్పే వెళ్తాను.