సిల్హెటీ బెంగాలీలో ఒక యాసా, లేక వేరే భాషా?

ప్రశ్న (ప్రొద్దుటూరు నుండి):
అందరికీ నమస్కారం. మా అమ్మాయి అస్సాంలోని సిల్చర్ ఎన్.ఐ.టి.లో చదువుతోంది. పోయే ముందు పుస్తకం దగ్గర పెట్టుకొని కొంత బెంగాలీ నేర్చుకొంది గానీ, అక్కడి అంగళ్లలో, ఆటోల్లో జనం మాట్లాడేది సగం కూడా అర్థం కావడం లేదంటుంది. పుస్తకంలో "నేను పోతాను" అనడానికి "ఆమి జాబో" అని ఉంటే, వాళ్లు "ఆమి జాయ్‌ము" అంటారట. అది సిల్హెటీ అని కొందరు, బెంగాలీయేనని కొందరు చెప్పారట. బోర్డుల మీద మాత్రం బెంగాలీ లిపే ఉందట. ఏది సరైనది? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (అనంతపురం నుండి):
అయ్యా, మీ అమ్మాయి విన్నది సరిగానే విన్నది. బెంగాలీలోని పకారం సిల్హెటీలో చాలాచోట్ల ఫకారంలాగా, కకారం గొంతులో గీరుకునే హకారంలాగా మారుతుంది. అంతకంటే ముఖ్యమైనది ఘ, భ వంటి ఒత్తక్షరాల సంగతి. మనం కూడా మాటల్లో "భాష"ను "బాస" అంటాం, అక్కడితో సరిపోతుంది. సిల్హెటీలో ఒత్తు పోయినచోట స్వరం పైకి లేస్తుంది. గుర్రానికీ పొడికీ వాళ్ల మాట "గుడా" వంటిదే, స్వరం ఎత్తి పలికితే గుర్రం, ఎత్తకపోతే పొడి. సిల్హెటీని వేరే భాషగా లెక్కించే భాషావేత్తలకు ఇదొక గట్టి ఆధారం. బ్రిటిష్ కాలంలో మన దేశ భాషల సర్వే చేసిన గ్రియర్సన్ మాత్రం అందులో దీనిని తూర్పు బెంగాలీలో చేర్చారు, మన జనాభా లెక్కలు కూడా బెంగాలీ కిందనే చూపుతాయి. మన సీమ "పోతాండా"కూ పుస్తకాల "వెళ్తున్నాను"కూ ఉన్న దూరం కంటే ఇది పెద్ద దూరమని నా అభిప్రాయం.

మాట్లాడేవారు సుమారు కోటి మంది, ఎక్కువ భాగం బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతంవారే. ఆంగ్లేయులు 1874లో సిల్హెట్‌ను అస్సాంలో కలిపారు. 1947 జూలైలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ తరువాత అందులో చాలా భాగం తూర్పు పాకిస్తాన్‌కు పోయి, కరీంగంజ్ వైపు కొంత మనకు మిగిలింది. సరిహద్దుకు రెండు పక్కలా ఒకే మాట వినిపించడానికి కారణం అదే.

జవాబు (కర్నూలు నుండి):
ఒక మాట చేర్చాలి, ఎందుకంటే ఇది నా మనసుకు దగ్గరి విషయం. మా ఇంట్లో దక్కనీ మాట్లాడతాం, బడిలో ఉర్దూ చదువుకున్నాం. "నక్కో" (వద్దు) అన్నప్పుడల్లా అది తప్పని దిద్దేవారు. సిల్హెటీ అలా తప్పు మాట కాదనడానికి దానికి సొంత లిపి కూడా ఉండేది. ఉత్తర భారతదేశపు పాత లిపి కైథీకి దగ్గరి చుట్టమైన ఆ సిల్హెటీ నాగరిలో సంయుక్తాక్షరాల బెడద తక్కువ కాబట్టి పెద్ద చదువులు లేనివారు కూడా నేర్చుకొని, "పుథి" అనే పద్యకథలను, ముఖ్యంగా ముస్లిం సూఫీ భక్తి కథలను, చదివి వినిపించేవారు. అచ్చు కూడా అయ్యాయి. గత శతాబ్దంలో ఆ వాడుక దాదాపు ఆగిపోయినా, 2005లో కంప్యూటర్లలో అక్షరాలకు ప్రమాణమైన యూనికోడ్ ఆ అక్షరాలకు చోటిచ్చింది.

జవాబు (కడప నుండి):
లిపి, ధ్వనులు ఉన్నంత మాత్రాన నిర్ణయం అయిపోదండీ. 1960లో అస్సామీని రాష్ట్ర అధికార భాషగా చేస్తూ చట్టం వచ్చినప్పుడు సిల్చర్ ఉన్న బరాక్ లోయ ప్రజలు ఉద్యమించారు. 1961 మే 19న సిల్చర్ రైల్వే స్టేషన్‌లో పోలీసుల కాల్పులకు 11 మంది బలయ్యారు, వారిలో అప్పుడే మెట్రిక్ పరీక్ష రాసిన కమలా భట్టాచార్య అనే బాలిక కూడా ఉంది. ఇంట్లో సిల్హెటీ మాట్లాడే నేల మీద వాళ్లు ప్రాణాలిచ్చింది బెంగాలీ కోసం. ఆ తరువాతే అప్పటి కచార్ జిల్లాలో బెంగాలీకి అధికార వినియోగం దక్కింది. అందుకని మీ అమ్మాయి అక్కడ ఎవరితోనైనా "మీది బెంగాలీ కాదు కదా" అనకుండా, వాళ్లు తమ మాటను ఏమని పిలుచుకుంటారో అడిగి తెలుసుకోవడం మంచిది.

ప్రశ్న అడిగినవారు:
ముగ్గురికీ కృతజ్ఞతలు. మే 19 సంగతి మా అమ్మాయికి తెలుసో లేదో, ఈ రాత్రి ఫోనులో అడుగుతాను. గుర్రం, పొడి రెండూ పలికించి వింటాను.