సున్నం గోడకి చార్టులు నిలవడం లేదు, దేనితో అతికించాలి?

మాది ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో. జూన్ 12న బడి తెరిచేలోపు గది సిద్ధం చేయాలని వర్ణమాల, గుణింతాలు, 1 నుంచి 100 అంకెలు డ్రాయింగ్ చార్టుల మీద నేనే రాశాను. చిక్కంతా గోడతోనే. సున్నం కొట్టినది, చెయ్యి ఆనిస్తే తెల్లగా పొడి అంటుతుంది.

సెల్లో టేపు సాయంత్రం అతికిస్తే తెల్లారేసరికి ఊడుతోంది. డబుల్ సైడ్ టేపు చిన్న బొమ్మలను ఆపుతోంది గానీ, పెద్ద చార్టులు సున్నం పెచ్చుతో సహా కిందికొస్తున్నాయి. ఉడికించిన మైదా జిగురు బాగానే పట్టింది. వాన పడి గోడ చెమ్మెక్కగానే అంచులు లేచాయి, బొద్దింకలు కూడా కొరికాయి (గుణింతాలు ముందు వాటికే వచ్చేశాయి). మేకు కొడితే ప్లాస్టరింగ్ రాలుతోంది. కిటికీల మధ్య పురికొస కట్టి క్లిప్పులు పెడితే ఫ్యాను గాలికి ఎగురుతున్నాయి, పైగా పిల్లలకు అందవు. వాళ్లు వేలు పెట్టి చదవాలంటే నేల నుంచి మూడడుగుల లోపే ఉండాలి. గోడకి పెయింట్ వేయించే డబ్బు ఇప్పట్లో రాదు.

సున్నం గోడ మీద, ఆ ఎత్తులో, వానాకాలం దాటేదాకా నిలవాలంటే చార్టులు దేనితో అతికించాలి?